దేముడమ్మ పలకని పేరు

నా మైకు ఎవరైనా ముట్టుకుంటే నాకు ఒళ్లు మండుతుంది. ముప్పై ఏళ్లుగా అరకులో మైకుసెట్లు అద్దెకిస్తున్నాను. పెళ్లిళ్లు, ప్రార్థన కూటాలు, ఎన్నికలు, ఆటల పోటీలు, ఏవైనా సరే. ఈ ముప్పై ఏళ్లలో నా మైకులో తుమ్మినవాళ్లున్నారు, దాంతో కొబ్బరికాయ కొట్టబోయిన మహానుభావుడున్నాడు, హలో హలో అంటూ పావుగంట ఊదరగొట్టి అసలు మాట మరిచిపోయినవాళ్లకు లెక్కే లేదు. నేను కొండ దిగువన శృంగవరపుకోట నుంచి వచ్చినవాణ్ణి. అమ్మానాన్నలు పెట్టిన పేరు శ్రీనివాసరావు అయినా కొండమీద అందరికీ మైకుబాబునే. ఇంత సణుగుడు ఎందుకంటే, నా అంతట నేనే వెళ్లి మైకు చేతిలో పెట్టిన మనిషి ఈ లోయ మొత్తం మీద ఒక్కతే ఉంది. ఆమె సంగతి చెప్పాలి.

ఆమె పేరు దేముడమ్మ. జీలుగుపుట్టు కోడలు. అరకు నుంచి ఆ ఊరికి జీపులో గంట ప్రయాణం, ఆపైన నా యాంప్లిఫయరును మోసుకుంటూ, మోసేవాళ్లను తిట్టుకుంటూ మరో అరగంట నడక. ఊరికి దిగువన చదునుచేసిన వాలీబాల్ గ్రౌండు ఉంది. దానికి మూడు వైపులా కాఫీ తోటల వాలు. ఏటా జనవరి ఆఖరున రిపబ్లిక్ డే పోటీలు జరుగుతాయి. పదహారు ఊళ్ల జట్లు వస్తాయి. గెలిచినవాళ్లకు ఒక కప్పు, ఒక మేకపోతు ఇస్తారు. కప్పు ఎవరింట్లో ఉందో మర్నాటికి ఎవరికీ గుర్తుండదు గానీ, మేకపోతు ఎవరు తిన్నారో పదేళ్లయినా చెప్పుకుంటారు.

ఆరేళ్ల కిందట ఆ పోటీలకు వ్యాఖ్యానం చెప్పడానికి సందీప్ అనే యాంకర్ని అరకు నుంచి వెంటబెట్టుకు వెళ్లాను. మొదటి రోజు బాగానే వాగాడు. రెండో రోజు పొద్దున్నే జీలుగు కల్లు రుచి చూశాడు. సెమీఫైనల్ సగంలో స్పీకర్ పెట్టెల వెనక చేరి గుర్రు పెట్టాడు. అప్పుడు స్కోరు బోర్డు దగ్గర ఒకామె నిలబడి ఉంది. ఆశ్రమ పాఠశాలలో వాలీబాల్ ఆడిందట, ఇంటర్ దాకా చదివిందట, అందుకని అంకెలు వేసే పని ఆమెకు అప్పగించారు. పొద్దుట్నుంచీ సందీప్ స్కోరు తప్పు చెప్పినప్పుడల్లా ఆమె సుద్దముక్కతో బోర్డు మీద టకటకా కొడుతూనే ఉంది. నా చెవులు చిల్లులు పడ్డాయి. అసలే సందీప్ మీద కోపం, దాని మీద ఈ టకటక. విసురుగా వెళ్లి మైకు ఆమె చేతిలో పెట్టి, ఇంత తెలిసినదానివి నువ్వే చెప్పుకో తల్లీ అన్నాను.

అక్కడున్న పెద్దలు మొహమొహాలు చూసుకున్నారు. ఆడమనిషి మైకులో ఆట చెప్పడం ఆ చుట్టుపక్కల ఎవరూ విని ఎరగరు. ఆమె మాత్రం గొంతు సవరించుకోలేదు, హలో అనలేదు. సర్వీసు ఎడమ మూల నుంచి వచ్చిందంది. బంతి నెట్టుకు జానెడు పైనుంచి దాటిందంది. వెనకవాడు మోకాళ్ల మీదికి వంగి లేపాడు, బంతి ఇప్పుడు గాలిలో ఉంది, కింద ముగ్గురు నిలబడ్డారు అంది. బడిలో నేర్చుకున్న నిదానమైన తెలుగు. నాకేమో ఇంకా చిరాకెత్తింది. కళ్ల ముందు కనబడేదాన్నే మళ్లీ చెబుతుందేమిటి, రెండు జోకులు వేయదేమిటి అనుకున్నాను. ఆట అయ్యాక అదే అడిగాను.

"ఇక్కడున్నోలకి కాదు బాబూ. మీద కాఫీ పళ్లు కోత్తన్నారు గదా, ఆ అమ్మలకి. ఆలకి గ్రౌండు అగుపడదు. మీ హారనొక్కటే ఇనపడతాది," అంది.

అప్పుడు తలెత్తి కొండవైపు చూశాను. సిల్వర్ ఓక్ చెట్ల కింద, మిరియాల తీగల మధ్య, నడుముకు బుట్టలు కట్టుకుని ఆడవాళ్లు పండ్లు కోస్తున్నారు. జనవరిలో కోత ఆగదు, ఒక్కరోజు ఆలస్యమైతే పండు రాలిపోతుంది. కాబట్టి ఏ ఏడూ వాళ్లు గ్రౌండుకు దిగింది లేదు. తర్వాతి ఆటలో గమనించాను. దేముడమ్మ బంతి గాలిలో ఉంది అన్నప్పుడల్లా ఆ వాలు మీద చేతులు ఆగిపోతున్నాయి. పాయింటు ఎవరిదో తేలాక మళ్లీ కదులుతున్నాయి. అన్నేళ్లుగా నా హారన్ స్పీకర్లను చెట్లకెక్కి కొండవైపు తిప్పి కట్టిందీ నేనే, ఆ కొండ మీద వినేదెవరో ఒక్కనాడూ ఆలోచించనిదీ నేనే. నిజంగా సిగ్గేసింది.

ఆనాటి నుంచి ఎక్కడ పోటీలున్నా నా సెట్టుతోపాటు దేముడమ్మ కూడా వచ్చేది. వాలీబాల్, కబడ్డీ, ఏదైనా సరే. భర్త ఫల్గుణ ఆటో నడుపుతాడు, మాట తక్కువ మనిషి, దింపి మళ్లీ వచ్చి తీసుకుపోయేవాడు. మొదట్లో ఆడదాని నోట స్మాషులేమిటని ఎగతాళి చేసినవాళ్లు లేకపోలేదు. వాళ్ల ఊరి జట్టు బాగా ఆడినప్పుడు ఆమె నోట ఆ మాట విని, ఇంటికెళ్లి పెళ్లాం దగ్గర గొప్పలు చెప్పుకున్నదీ వాళ్లే. ఆట అయ్యాక దేముడమ్మ మైకును పాత చీర ముక్కలో చుట్టి పసిపాపను అందించినట్టు తిరిగి నా చేతిలో పెట్టేది. నా మైకుకు అంత మర్యాద ఎవరూ చేయలేదు.

ఒక్కటే చిక్కు. జీలుగుపుట్టు జట్టులో అందరికంటే మెరుగైన ఆటగాడు సోమన్న, ఆమె భర్తకు స్వయానా అన్న. ఆ ఊళ్లో కోడలు బావగారి పేరు పలకదు. ఎదురుగా నిలబడదు, నేరుగా మాట్లాడదు. ఏదైనా చెప్పాలంటే మధ్యలో ఒక మనిషి ఉండాలి, మనిషి లేకపోతే గోడకో మేకకో చెబుతున్నట్టు చెప్పాలి. అతనూ అంతే. పేరు పలికితే తప్పు పడినట్టు. అప్పుడు ఊరి దేవత గద్దె దగ్గర కోడిని ఇచ్చి, పెద్దల ముందు తప్పు ఒప్పుకోవాలి. అందుకని అందరినీ పేర్లతో చెప్పే దేముడమ్మ సోమన్నను మాత్రం అతని బనియను మీది అంకెతో నాలుగో నంబరు అనేది. ఆ పేరే లోకానికి అంటుకుంది. సంతలో అతను కనబడితే జనం నాలుగో నంబరు వచ్చాడోయ్ అనేవాళ్లు.

ఈ వింత ఒకసారి మా ఇంట్లో చెప్పి నవ్వాను. మా ఆవిడ భారతి చేటలో బియ్యం చెరుగుతూ, ఇన్నేళ్లలో నేను మీ పేరు ఎన్నిసార్లు పలికానో చెప్పండి అంది. కంచం ముందుకు లాక్కుని అన్నానికి కూర్చున్నాను.

కిందటేడు అరకులో కొత్తగా ఒక చిన్న రేడియో కేంద్రం పెట్టారు. ఫోను సిగ్నలు అందని కొండలక్కూడా వినబడుతుందట. దాన్ని చూసుకునే హేమలత అనే అమ్మాయి విశాఖపట్నం నుంచి వచ్చింది. ఒక కబడ్డీ పోటీలో దేముడమ్మను విని, మర్నాడే నా కొట్టుకు వచ్చేసింది. జనవరిలో జీలుగుపుట్టు ఫైనల్‌ను నేరుగా రేడియోలో వినిపిస్తారట. అది బాగా కుదిరితే ఇకపై ప్రతి ఆదివారం ఆట చెప్పే పని దేముడమ్మదే. ఈ సంగతి చెప్పినప్పుడు దేముడమ్మ మొహం చూడాలి. ఆమె పుట్టిల్లు రెండు కొండల అవతల ఉంది. నా హారన్లు అంతదూరం అరవలేవు. కన్నతల్లి కూతురి గొంతును మైకులో ఒక్కసారి కూడా వినలేదు. మా అమ్మకి ఇనపడతాదా బాబూ అని మూడుసార్లు అడిగింది.

అయితే హేమలత ఒక షరతు పెట్టింది. తన ఫోనులో రికార్డు చేసుకున్న ఆటను వినిపించింది. అందులో నాలుగో నంబరు కొట్టాడు, నాలుగో పాయింటు, స్కోరు నాలుగు నాలుగు అని వచ్చింది. మెత్తగానే చెప్పింది గానీ గట్టిగా చెప్పింది. రేడియో వినేవాడికి బనియను కనపడదు, అంకెలన్నీ కలిసిపోతాయి, పేర్లు చెప్పి తీరాలి, అందరివీ చెప్పాలి, లేకపోతే పని జరగదు అంది. దేముడమ్మ సరేనని తలూపింది. హేమలత వెళ్లాక అక్కడే బెంచీ మీద కూలబడింది.

అంటే ఏమవుతుంది, ఆకాశం విరిగి పడుతుందా, గబుక్కున అనేసెయ్ అన్నాను.

"నోరు రాదు బాబూ. అనాలనుకుంటాను, గొంతుక్కి అడ్డం పడిపోద్ది. మీకు తెల్దు," అంది. ఏడుపు ఆపుకుంటోందని తెలుస్తోంది.

ఊరుకోబుద్ధి కాక ఆమె అత్త అసిరమ్మ దగ్గరికి వెళ్లాను. డెబ్బై దాటిన మనిషి. వాకిట్లో కాఫీ పండ్లు ఎండబోసి చేత్తో తిరగేస్తోంది. నా మాట వినీ వినగానే కుదరదంది. కోడలి నోట బావ పేరు పడితే బావ బలం తరిగిపోతుందంది. నాకు కోపం వచ్చింది. రేడియో గురించి, కాలం గురించి, బుద్ధి గురించి చాలా మాటలన్నాను. ఆమె పండ్లు తిరగేస్తూనే ఉంది. చివరికి నాకే ఆయాసం వచ్చి ఆగాను. అప్పుడు ఆమె ఒకే ఒక్కటి అడిగింది, రేడియో అంటే ఎంత దూరం వినబడుతుందని. చెప్పాను.

పండ్లు తిరగేసే చెయ్యి ఆపింది. తర్వాత నెమ్మదిగా అంది: "నా కొడుకు ఆట నాను ఒక్కపాలీ సూడనేదు బాబూ. జనవరిలో తోట వదిలి ఎలగ దిగుతాను? ఈ కోడలు గుంట సెప్తంటే ఇన్నాను. ఆరేళ్లు దీని నోట్లోనే ఆడి ఆట సూశాను. రేడియోవోలు ఇప్పుడిది ఆపీమంటే నాకేటి మిగులుద్ది? ఆడి పేరు నాను పలుకుతాను. కన్నదాన్ని, నాకు తప్పేటి?"

మూడు దశాబ్దాలు మైకులు మోసినవాడికి తట్టని ఉపాయం ఆ ముసలామెకు తట్టింది. హేమలతకు చెబితే ముందు నుదురు చిట్లించింది, ఇద్దరేమిటండీ అంది. ఒక్క ఫైనలే కదా అని నేను బతిమాలాను. నేను ఒకరిని బతిమాలడం అదే మొదలు.

ఫైనల్ రోజున పొగమంచు విడేసరికి పదకొండయింది. బల్ల మీద రెండు మైకులు పెట్టాను. దేముడమ్మ పక్కన అసిరమ్మ కొత్త చీర కట్టుకుని, దుప్పటి కప్పుకుని కూర్చుంది. పొద్దున్నే లేచి కోతంతా పక్కింటివాళ్లకు అప్పజెప్పి దిగింది. ఎదుటి జట్టు బొడ్డగొంది ఊరిది. ఏర్పాటు ఏమిటంటే, సోమన్న చేతికి బంతి వచ్చేటప్పుడు దేముడమ్మ అత్త మోకాలి మీద తడుతుంది, అత్త పేరు పలుకుతుంది.

మొదలెట్టాక అరగంటలో గ్రౌండంతా నవ్వులే. బంతి లేచింది, నెట్టు దగ్గరికి పరుగెత్తాడు అని దేముడమ్మ అనడం, మోకాలి మీద తట్టడం, సోమన్న అని అసిరమ్మ అరవడం, కొట్టాడు, పాయింటు అని మళ్లీ దేముడమ్మ అందుకోవడం. అసిరమ్మ ఒక్క పేరుతో ఆగితేనా. సోమన్న, నా పెద్దకొడుకు అంది. సోమన్న, పొద్దున అంబలి కూడా తాగనేదు అంది. బంతి బయటికి పోయినప్పుడు, పోనీలేరా సోమన్నా అంది. మొదట్లో చేతులు కట్టుకుని నిలబడ్డ హేమలత, రెండో సెట్టుకల్లా కుర్చీ లాక్కుని వాళ్ల పక్కనే కూర్చుంది. కొడుకు ఎగిరినప్పుడల్లా అసిరమ్మ కూడా కుర్చీలోంచి లేవబోయేది. నేను మైకు వైరు సర్దుతున్నట్టు నటించి కళ్లు తుడుచుకున్నాను.

మొదటి సెట్టు వాళ్లది, తర్వాతి రెండూ మనవి, నాలుగోది మళ్లీ వాళ్లది. అయిదో సెట్టు మొదలయ్యేసరికి అసిరమ్మ గొంతు బొంగురుపోయింది. పాపం, డెబ్బై ఏళ్ల గొంతు, మూడు గంటలుగా చలిగాలిలో అరుస్తోంది. నీళ్లు తాగించాం, బెల్లం ముక్క ఇచ్చాం. పదో పాయింటు దాటాక గాలి వస్తోంది గానీ మాట రావడం లేదు. పెదవులు కదులుతున్నాయి, అంతే.

స్కోరు పద్నాలుగు పదమూడు. బొడ్డగొందికి ఒక్క పాయింటు చాలు. సర్వీసు వాళ్లది. మనవాళ్లు తీశారు, బంతి నెట్టు దగ్గర గాలిలోకి లేచింది. సోమన్న పరుగు అందుకున్నాడు. దేముడమ్మ అత్త మోకాలి మీద తట్టింది. మళ్లీ తట్టింది. అసిరమ్మ నోరు తెరిచింది, ఏమీ రాలేదు. అక్కడ రెండు కొండల అవతల దేముడమ్మ కన్నతల్లి రేడియో దగ్గర కూర్చుని ఉంది. ఇక్కడ బంతి గాలిలో ఉంది, ఎవరిదో చెప్పడానికి మనిషి లేదు. అసిరమ్మ కోడలి తొడ మీద గట్టిగా గిల్లింది. తన మైకు తీసి కోడలి మూతికి ఆనించింది.

"సోమన్న," అంది దేముడమ్మ.

పేరు మెల్లగానే వచ్చింది గానీ, గ్రౌండు పక్కన చెట్టుకున్నది నా హారను, అది మెల్లగా చెప్పదు. నెట్టుకు పైన గాలిలో ఉన్న సోమన్న ఆ గొంతులో తన పేరు విన్నాడు. ఆమె ఆ ఇంటికి వచ్చి పద్నాలుగేళ్లు. ఒక్కనాడూ వినని పిలుపు. బంతిని వదిలేసి తల తిప్పి మైకువైపు చూశాడు. బంతి అతని చెవి పక్కనుంచి దిగి కాళ్ల దగ్గర పడింది.

బొడ్డగొంది వాళ్లు కూడా గెలిచామని వెంటనే అరవలేదు. దేముడమ్మ మైకు దించలేదు. రెండు చేతులతో పట్టుకుని చెప్పింది. బంతి మనవైపే పడింది, పదిహేను పదమూడు, కప్పు బొడ్డగొందిది అంది. ఆటగాడి తప్పు లేదు, నేను పలక్కూడని పేరు పలికాను, ఆయన తిరిగి చూశారు, తప్పు నాది అంది. రేడియో ఉన్న కొండలన్నీ ఆ మాట విన్నాయి. మైకును చీర ముక్కలో చుట్టి నా చేతికిచ్చి, ఎవరివైపూ చూడకుండా ఇంటిదారి పట్టింది.

మర్నాడే తప్పు తీరిపోయింది. పెద్దలు కూర్చుంటే అసిరమ్మ గొంతు లేక, తన గుండె మీద చేత్తో కొట్టుకుని, గిల్లింది నేను అని సైగ చేసింది. తనే కోడిని తెచ్చి గద్దె దగ్గర ఇచ్చింది. ఊరివాళ్లు మేకపోతు గురించి రెండు నిట్టూర్పులు విడిచి ఊరుకున్నారు. అప్పటికే అది బొడ్డగొందిలో కూరైపోయింది.

తీరనిది దేముడమ్మ మనసొక్కటే. ఎనిమిదో రోజున హేమలత కబురు మోసుకుని నేను జీలుగుపుట్టు వెళ్లాను. ఆదివారం నుంచి రమ్మంది, తన గెలుపోటములు పక్కనబెట్టి ఉన్నదున్నట్టు చెప్పిన మనిషి నాకు ఇంకెక్కడ దొరుకుతుందండీ అంది. ఆ మాటలు పొల్లుపోకుండా చెప్పాను. దేముడమ్మ కాఫీ పండ్లు ఏరుతూ తలెత్తలేదు.

"నాకొద్దు బాబూ. నా నోటివల్ల ఊరు ఓడిపోనాది. ఇంక మైకు ముట్టను," అంది.

నేను కోప్పడ్డాను, బుజ్జగించాను, మీ అమ్మ విని ఎంత మురిసి ఉంటుందో అన్నాను. ఏదీ పనిచేయలేదు. ఇంతలో సోమన్న భుజాన గొడ్డలితో తోటవైపు నుంచి దిగాడు. అతణ్ణి చూసి దేముడమ్మ చప్పున లోపలికి వెళ్లి తలుపు చాటున నిలబడింది. అతను వాకిట్లోనే ఆగి, గొడ్డలి గోడకు ఆనించి, నావైపు తిరిగాడు.

"మైకుబాబూ, తలుపెనకాల మనిసికి ఒక మాట సెప్పండి. ఆ రోజు నాను గాలిలో ఉండి కూడా ఇటు సూశాను. ఆటగాడు బంతినే సూడాల. ఆ తప్పు నాది. వచ్చే ఏడు కూడా పేరెట్టే సెప్పమనండి. ఈపాలి నాను తిరిగి సూడను."

తలుపు మూరెడు దూరంలో ఉంది. ఆమెకు ప్రతి అక్షరమూ వినబడే ఉంటుంది. అయినా పద్ధతి పద్ధతే కాబట్టి నేను తలుపు వైపు తిరిగి ఆ మాటలన్నీ మళ్లీ చెప్పాలి. ఒక్క మాట పోకుండా చెప్పాను.

"అలగేనని సెప్పండి బాబూ. ఆదివారం బేగి వస్తానని ఆ అమ్మాయికి కూడా సెప్పండి," అంది తలుపు చాటు నుంచి.

అరుగు మీద కూర్చున్న అసిరమ్మ అప్పుడు లేచింది. గొంతు ఇంకా పూర్తిగా రాలేదు. వాకిట్లో తిరుగుతున్న కోడిపిల్లల్లోంచి ఒకదాన్ని పట్టుకుని, కొంగు అంచులోంచి ఎర్రదారం పోగు తెంపి దాని కాలికి కట్టింది. దీన్నెవరూ కొయ్యకండి, వచ్చే జనవరికి కావాలి అని బొంగురు గొంతుతో అందరికీ చెప్పి, మళ్లీ వాకిట్లోకి వదిలింది.